అచ్చొచ్చిన చోటు

మా బోరు నీళ్లకు అలవాటు పడ్డ నోరు ఇంకెక్కడి నీళ్లకూ ఒప్పుకోదని మా అత్తగారు గొప్పగా చెప్పుకునేది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. నీళ్లకు ఇంత గొప్పేమిటి, పన్నీరేమన్నా తోడుతున్నారా అనుకునేదాన్ని. నా పుట్టిల్లు నెల్లూరు అవతల కొడవలూరు వైపు. అక్కడ కాలవలో నీళ్లు పారుతుంటే కాళ్లు కడుక్కుని పోతారే తప్ప వాటి రుచి గురించి ఎవరూ మాట్లాడుకోరు. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపున్న ఈ ఊరికి వచ్చాక, మొదటి వేసవిలోనే నా నవ్వు ఆగిపోయింది.

ఇక్కడి నేల సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. పైన ఇసక. వాన నీళ్లు ఆ ఇసకలో ఇంకి తియ్యగా నిలబడతాయి, ఊళ్లో తాగే బోర్లన్నిటికీ ఆ నీళ్లే. వాటి కింద నల్లటి బంకమన్ను. ఆ మన్ను కింద అంతా ఉప్పునీళ్లే. తాగునీటికి బోరు దింపేవాళ్లు గొట్టం చివర బంక అంటుకోగానే ఆపేసి, ఆ పైనే జల్లెడ గొట్టం బిగిస్తారు. "బంక తగిలితే చెయ్యి దియ్" అని బోరు పనిలోకి వచ్చినవాడికి మొదటిరోజే చెబుతారు. తీపికీ ఉప్పుకీ మధ్య అడ్డం ఆ మన్ను ఒక్కటే.

మా బోరు మామగారు వేయించింది. ఇంటిని ఆనుకున్న పొలానికి సరిగ్గా ఈశాన్యం మూల. అది పడ్డాకే పంటలు నిలబడ్డాయనీ, పెంకుటిల్లు పోయి మిద్దె వచ్చిందనీ మా ఇంట్లో నమ్మకం. "అచ్చొచ్చిన చోటు" అని దాని పక్కన చెప్పులు కూడా విడవనిచ్చేవాళ్లు కాదు. తర్వాత అన్నదమ్ములు పంచుకున్నారు. పొలంలో కయ్యలు పంచుకున్నారు, గడ్డివామి పంచుకున్నారు, వాకిట్లో కొబ్బరిచెట్లు కూడా నీకిన్ని నాకిన్ని అనుకున్నారు. నీళ్లు మాత్రం పంచలేదు. బోరు ఉమ్మడి. దానికి ఇంకో షరతు కూడా అత్తగారు పెట్టి పోయింది. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పాళెం ఉంది. అక్కడ ఎంత లోతున చూసినా ఉప్పే. ఆ పాళెం ఆడవాళ్లు తెల్లారేసరికి బిందెలతో మా బోరు దగ్గరికి వస్తారు. వాళ్ల బిందె ఖాళీగా పోకూడదు, అంతే. కరెంటు పోయిన రోజున చేతి పంపు కొట్టి అయినా పోయాల్సిందే.

మా బావగారు, అంటే మా ఆయన అన్న, భార్య పోయాక మా ఇంట్లోనే తింటాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఊళ్లో ఇంకొకడికి ఏదన్నా కలిసొస్తే ఆయనకు అన్నం సయించదు. ముఖ్యంగా మాకు తూర్పున రొయ్యల గుంటలున్న ఆయన పేరు ఎత్తితే చాలు. ఊరంతా ఆయన్ను గుంటలన్న అంటారు. ఆ గుంటల ఉప్పు ఇంకి మా బావగారి తూర్పు కయ్య చచ్చిపోయింది. అందులో ఇప్పుడు గడ్డి కూడా సరిగ్గా మొలవదు. ఆ కడుపుమంట ఈ కథలో సగం.

మిగతా సగం గుంటలన్న కనుబొమ్మలు కాలడంతో మొదలైంది.

రొయ్యలకు ఉప్పునీళ్లే కావాలి కాబట్టి ఆయన బోర్లు బంకమన్ను దాటే దిగుతాయి. కిందటేడు ఎండాకాలం ముందు కొత్త బోరు వేయించాడు. నీళ్లు పడగానే ఎవరైనా చేసేదే ఆయనా చేశాడు. గొట్టానికి పసుపు రాసి కుంకం పెట్టి కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి హారతి పళ్లెం గొట్టం ముందు తిప్పాడు. భగ్గుమంది! మనిషి వెనక్కి పడ్డాడు. కనుబొమ్మలూ మీసం ఒకవైపూ మాడిపోయాయి. గొట్టం మూతి మీద నీలం మంట నిలబడి ఊగుతోంది. కొందరు అమ్మవారు అని దండం పెట్టారు, కొందరు పరుగెత్తారు. నేను కూడా చూడ్డానికి పోయాను, అబద్ధం ఎందుకు. మంట కన్నా గొట్టంలో నించి వచ్చే శబ్దం నాకు నచ్చలేదు. కింద ఎవరో ఆయాసపడుతున్నట్టు గుడగుడమని వస్తోంది. ఆ వాసన చీరకు పట్టుకుని ఇంటిదాకా వచ్చింది.

ఆ మంట ఫోన్లలో పడి నెల్లూరు చేరింది. నెలలోపే ఊళ్లోకి కారొచ్చింది. దిగినాయన నెల్లూరులో రైసు మిల్లులున్న పెద్దమనిషి. ఆయనా, ఇంకొందరు డబ్బున్నవాళ్లూ కలిసి ఏదో కంపెనీలో వాటాలు పెడతారట. సముద్రం ఒడ్డున భూమి అడుగున, మైళ్ల లోతున, రాతి పొరల్లో గ్యాసు ఇరుక్కుని ఉంటుందట. దాన్ని షేల్ గ్యాస్ అంటారట. బోరు నిలువుగా దింపి, లోపల అడ్డంగా తిప్పి, నీళ్లు ఒత్తిడితో కొట్టి రాయి పగలగొడితే గ్యాసు పైకి వస్తుందట. ఆయనతో ఒక ఇంజనీరు కూడా ఉన్నాడు, తక్కువ మాట్లాడే మనిషి.

మా వసారాలోనే కూర్చున్నారు, ఊళ్లో పెద్ద వసారా మాదే కాబట్టి. భూములున్నవాళ్లంతా వచ్చారు. మా ఆయన ఎప్పుడూ నోరు విప్పడు, ఆ రోజు విప్పాడు.

"భూమి కింద ఉండేదంతా గవర్నమెంటుదంట గదా సార్?"

"కిందది గవర్నమెంటుదే అబ్బయ్యా, అనుమతులు కంపెనీ తెచ్చుకుంటాది. కిందికి దిగాలంటే పైన కాలు పెట్టాల గదా. ఆ కాలు పెట్టే చోటు మీది. దానికి బాడుగ, గ్యాసు పడితే ఇంకా పైన." మిల్లాయన నవ్వాడు.

నేను టీ గ్లాసులు అందిస్తూ అడిగాను. "రాయి పగలగొట్టేదానికి నీళ్లు యాడ్నించి తెస్తారు సార్?"

ఇంజనీరు నా వైపు చూశాడు. "చాలా నీళ్లు కావాలమ్మా."

"వాడినాక ఆ నీళ్లు యాడికి పోతాయి?"

ఇంజనీరు మిల్లాయన వైపు చూశాడు. మిల్లాయన టీ తాగి, "అబ్బ! ఏం టీ తల్లీ! పాలు బాగుండాయా, నీళ్లు బాగుండాయా?" అన్నాడు. మా బావగారు పొంగిపోయి లోపల్నించి చెంబుతో మంచినీళ్లు తెప్పించాడు. మిల్లాయన గ్లాసు నిండా తాగి ఇంకో గ్లాసు అడిగాడు. పోయేటప్పుడు డ్రైవరు చేత కారులోని క్యాను కడిగించి మా బోరు దగ్గర నింపుకుపోయాడు. అప్పట్నించీ వచ్చినప్పుడల్లా క్యాను తెచ్చుకునేవాడు. నా ప్రశ్నకు జవాబు మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఆ తర్వాత ఊరు ఊరుగా లేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒకడు గ్యాసు డబ్బుతో లారీ కొంటానంటాడు, ఇంకొకడు మైపాడు బీచి దగ్గర హోటలు కడతానంటాడు. గట్ల మీద కలిసి నడిచినవాళ్లు గట్టు ఎవరిదని కొట్టుకున్నారు. నాకూ ఆశ లేకపోలేదు. వేసవిలో వేసే ఎడగారు పంట ఎన్నిసార్లు పోయిందో నాకు తెలుసు. కానీ ఆ కారు వచ్చిన రోజల్లా పాళెం ఆడవాళ్లు బిందెలు పట్టుకుని దూరంగా నిలబడేవాళ్లు. వాళ్లనెవరూ వసారాలోకి పిలవలేదు. వాళ్లకు భూమి లేదు కదా.

రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు బేరం గుంటలన్న వైపు మొగ్గింది. మంట ఉన్నది అక్కడ మరి. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. "సార్, ఎన్నిసార్లు చెప్పాలి? ఆ మంట ఎప్పుడో మడుగుల్లో కుళ్లిన ఆకుల నుంచి పుట్టిన వాయువు. పైపైన ఉండేది. మనకు కావాల్సింది అట్టడుగు రాతిలో ఉంటుంది. దీనికీ దానికీ చుట్టరికం లేదు."

"నిప్పు లేందే పొగ రాదంటారు గదా సార్. ఈడ నిప్పే కనిపిస్తా ఉంటే మళ్లా చుట్టరికం అంటారేంది?" అన్నాడు మిల్లాయన. చదువుకున్నవాడి మాట కన్నా కళ్ల ముందు మంట గట్టిది ఆయనకు. మా బావగారికి ఇంజనీరు మాట ఇంకో రకంగా అర్థమైంది. రేటు తగ్గించడానికి ఆడుతున్న నాటకం అనుకున్నాడు.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని కలపడం మానేసి అన్నాడు. "వాడి ఉప్పుకి నా కయ్య చచ్చింది. ఇప్పుడు గ్యాసు కూడా వాడికేనా? మన నేలలో మాత్రం లేదా ఏంది? చూపించినోడిదే రాజ్యం. మనమూ చూపిద్దాం."

"ఎట్ట చూపిస్తావన్నా?" అన్నాడు మా ఆయన.

"మన బోరు ఇంకొంచెం దింపుదాం. బంక కిందికి. వాడికి వచ్చిన మంట మనకి రాకుండా యాడికి పోతాది?"

నా చేతిలో గరిటె గిన్నెలో పడింది. "బావా, మీకేమన్నా మతి పోయిందా? బంక దాటితే ఉప్పు గదా! తాగే నీళ్లు. చూపించాలంటే మీ తూర్పు కయ్యలో వేసుకోండి, అది ఎట్టాగూ చచ్చిందే గదా."

"చచ్చిన నేలలో ఏం పడతాదమ్మా? అది అచ్చిరాని చోటు. ఇది మా నాయన చేత్తో అచ్చొచ్చిన చోటు, ఈశాన్యం. ఏం పడినా ఈడే పడాల."

ఇదీ మా ఇంటి తెలివి. ఆ మాట విని ఊళ్లో ఎవరూ నవ్వలేదు, సబబే అన్నారు. పనికిమాలిన నేల చేతికింద ఉంటే, దాన్ని వదిలి ఉన్న ఒక్క మంచి చోటినే తవ్వాలనుకోవడం మాకు న్యాయంగానే తోచింది. నాకు ఒళ్లు మండింది. నేను ఒప్పుకోనన్నాను.

"బోరు ఉమ్మడి. నేను నా తమ్ముడ్ని అడుగుతుండా," అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

మా ఆయన కంచం వైపు చూస్తూ, "అన్న ఎట్టంటే అట్ట," అన్నాడు. నలభై ఊళ్ల న్యాయం మాట్లాడే నోరు నాకుంది, ఈ ఒక్క మాట ముందు మూతపడిపోయింది. ఆ రోజు ఇద్దరికీ మజ్జిగ పొయ్యలేదు. అంతకన్నా ఏం చెయ్యగలను!

పంచాంగం చూసి మంచి రోజు పెట్టారు. ముందురోజు నేను ఇంట్లో ఉన్న గుండిగలూ, బానలూ, డ్రమ్ములూ అన్నీ తోమి బోరు నీళ్లు పట్టి మూతలు పెట్టుకున్నాను. "పెళ్లేమన్నా ఉందా అక్కా?" అని పాళెం ఆడమనిషి ఒకావిడ నవ్వింది. రోజూ అందరికన్నా ముందు వచ్చేది ఆవిడే. బిందె సిమెంటు తొట్టి మీద పెట్టిన చప్పుడుకే నాకు మెలకువ వస్తుంది. సంగతి చెప్పాను. ఆవిడ నవ్వు పోయింది. "అన్నకి తెలీదా అక్కా, మేం యాడికి పోవాల?" అంది. ఆ మాట బావగారికి చేరవేశాను. "అంతా పోతే గదా!" అన్నాడు.

గొట్టం బిగించి మేస్త్రీ మనుషులు తిప్పడం మొదలుపెట్టారు. ఇసక వచ్చింది, తర్వాత సన్న ఇసక, తర్వాత గొట్టం చివర నల్లగా బంక. మేస్త్రీ చెయ్యి తీసేశాడు. ఎవరూ చెప్పలేదు, అలవాటు కొద్దీ ఆ చెయ్యే ఆగిపోయింది. పాళెం ఆడవాళ్లు గట్టు మీద ఉన్నారు. మేస్త్రీ మా బావగారి మొహం వైపు చూశాడు.

"దింపు," అన్నాడు బావగారు.

ఇప్పటికీ ఆ ఒక్క మాట నా చెవిలో అట్లాగే ఉంది. అరిచి చెప్పలేదు, మామూలుగా, ఇంకొంచెం కూర వెయ్యి అన్నట్టు చెప్పాడు.

మంట వచ్చింది. రాకపోతే బాగుండు. గుంటలన్న కనుబొమ్మలు గుర్తుపెట్టుకుని హారతి పళ్లాన్ని పొడుగాటి వెదురు కర్ర చివర కట్టారు. ఇంటి కోడలివి, నీ చేత్తో ఇయ్యమని నన్ను పిలిచాడు బావగారు. "నా చేత్తో ఇయ్యను. ఆ పుణ్యం మీరే మూటగట్టుకోండి," అన్నాను అందరి ముందే. మా ఆయన కర్ర పట్టుకున్నాడు. జానెడు మంట లేచింది, ఆరింది, మళ్లీ లేచింది. జనం ఈలలు వేశారు. బావగారు ఫోన్లో పట్టి మిల్లాయనకు పంపించాడు. అదే ఆయాసం, గుడగుడమని, ఈసారి మా మామగారు వేయించిన గొట్టంలో నుంచి వినపడింది.

బోరు మళ్లీ బిగించి మోటారు వేస్తే నీళ్లు మురికిగా వచ్చాయి, తర్వాత తేటబడ్డాయి. పాళెం ఆవిడ దోసిలి పట్టి నోట్లో పోసుకుని ఉమ్మింది. "ఉప్ప తగలతా ఉందన్నా."

"కెలికినారు గదమ్మా, కలిసుంటాది. నాలుగు రోజులు తోడితే సరిపోతాది," అన్నాడు బావగారు. ఆవిడ నమ్మింది. పాపం, నమ్మక ఏం చేస్తుంది? రోజూ తెల్లారి వచ్చేది, దోసిలి పట్టేది, ఉమ్మేది, ఖాళీ బిందెతో పోయేది. మొదటి రోజు కన్నా రెండో రోజు, రెండో రోజు కన్నా మూడో రోజు ఎక్కువైంది ఉప్పు. నేను చెబితే ఆయన వినడు. "ఆడోళ్ల గోల. నేను తాగతానే ఉండా గదా, బాగానే ఉండాయి," అంటాడు. ఎందుకు బాగుండవు? ఆయన తాగేది నేను బానల్లో దాచిన నీళ్లు. ఆ మాట మొహాన కొట్టాను కూడా. "అయితే ఏం, నీళ్లు నీళ్లే," అని తుండు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్లి బోరు కింద దోసిలి మాత్రం పట్టలేదు. పట్టడానికి భయమేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

మిల్లాయన కారు వచ్చేనాటికి నేను దాచిన నీళ్లు అడుగంటాయి. మంట చూడ్డానికి వచ్చారు. వసారాలో బావగారు కొత్త పంచె కట్టుకుని కూర్చున్నాడు. టీ పెట్టమన్నారు. నేను బోరు నీళ్లతోనే పెట్టాను. పాలు పొయ్యగానే విరిగిపోయాయి, తరకలు తరకలుగా. గిన్నె పక్కన పెట్టి, గ్లాసు నిండా అప్పుడే తోడిన నీళ్లు పట్టుకుని వసారాలోకి వెళ్లాను.

"టీ లేదు సార్, పాలు విరిగినాయి. మీకు మా నీళ్లంటే ఇష్టం గదా, తాగండి."

ఆయన నవ్వుతూ పెద్ద గుక్క తీసుకున్నాడు. నవ్వు అట్లాగే మొహం మీద ఉండిపోయింది. అంతమందిలో ఉమ్మలేడు, మింగలేడు. బుగ్గలు రెండూ ఉబ్బి, చివరికి కళ్లు మూసుకుని మింగాడు. గ్లాసు అరుగు మీద పెట్టి, డ్రైవరును పిలిచి కారులోంచి సీసా నీళ్లు తెప్పించుకుని పుక్కిలించాడు.

"మంట చూద్దురు రండి సార్," అన్నాడు బావగారు.

మిల్లాయన లేచి నిలబడ్డాడు. "చూస్తానన్నా. కానీ, మేమింకా బోరు వెయ్యకముందే నీళ్లు ఇట్టయితే, రేపు వేసినాక ఈ ఊరోళ్లు మమ్మల్ని బతకనిస్తారా? ఇంకో నాలుగు చోట్లు చూసి చెప్తాం." మంట చూడలేదు. క్యాను నింపుకోలేదు. ఇంజనీరు మాత్రం కారెక్కేముందు బోరు వైపు ఒకసారి చూసి, నాకు నమస్కారం పెట్టాడు. కారు గుంటలన్న ఇంటి వైపు కూడా తిరగలేదు, తిన్నగా పోయింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అందామని నోరు తెరిచాను. తిట్టడానికి ఎన్నాళ్లనుంచో మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. బావగారు అరుగు మీది గ్లాసు తీసుకున్నాడు. మిల్లాయన వదిలేసిన నీళ్లు. అడుగుదాకా తాగాడు. మొహం చిట్లించలేదు. గ్లాసు బోర్లించి పెట్టి, తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"మా అమ్మ ఉంటే నన్ను గడప తొక్కనిచ్చేది కాదమ్మా," అన్నాడు. ఏడుపొచ్చింది, లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు తెల్లవారుజామున బిందె చప్పుడు కాకముందే ఆయన బోరు దగ్గర కూర్చుని ఉన్నాడు. పాళెం ఆవిడ వచ్చి, "ఉప్ప తగ్గిందా అన్నా?" అంది.

"లేదమ్మా. ఇంక తగ్గదు," అన్నాడు ఆయనే, తల ఎత్తి. నన్ను చెప్పనివ్వలేదు.

మేస్త్రీని పిలిపించి గొట్టం పీకించి, ఆ బొక్కలో ముద్దలు ముద్దలుగా బంకమన్ను కూరించాడు. సిమెంటు పోయించాడు. దాని పైన కొబ్బరికాయ కొట్టలేదు. మేం క్యాను నీళ్లు కొనుక్కుంటున్నాం. పాళెం ఆడవాళ్లు మా ఇల్లు దాటి, పడమటి వీధి చివర ఉన్న బోరు దాకా నడుస్తున్నారు. నడక ఎక్కువైంది, బిందెలు చిన్నవయ్యాయి. మంచి మనుషులు వాళ్లు, దారిలో నన్ను చూస్తే ఇప్పటికీ పలకరిస్తారు.

మొన్న ఆ పాళెం ఆవిడ మా వాకిట్లో ఆగింది. బిందె చంకలో ఖాళీగా ఉంది. బావగారు అరుగు మీద పేపరు చూస్తున్నాడు. ఆవిడ ఆయన వైపు చూసి, గొంతు తగ్గించి నాతో అంది.

"అక్కా, ఆ పడమటీధి బోరులో కూడా రెండ్రోజుల్నించి ఉప్ప తగలతా ఉంది."

ఆవిడ ఎంత తగ్గించి చెప్పినా ఆయన విన్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టి, గ్లాసు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పడమటి వీధి వైపు నడిచాడు.